సంద్రం పక్క చెవి

భావనపాడులో చిన్నతల్లి తల తెలియనివాళ్ళు లేరు. అంత అందమైన తల అని కాదు. ముప్ఫై రెండేళ్ళుగా ఆ తల మీద చేపల బేసిను ఉంటోంది గనక. పాత చీరముక్కతో చుట్టిన చుట్టకుదురు, దాని మీద బేసిను, బేసిన్లో మంచుముక్కలూ చేపలూ. చేత్తో పట్టుకోదు. రెండు చేతులూ ఊపుకుంటూ సముద్రం ఒడ్డు రోడ్డు మీద ఉత్తరంగా మైలు దూరం నడిచి, అక్కణ్ణుంచి లోపలి రైతుల ఊళ్ళలోకి మళ్ళుతుంది. వెనకనుంచి ఎవరైనా పిలిస్తే మెడ తిప్పదు, మనిషంతా తిరుగుతుంది. బేసిను లేనప్పుడూ అంతే. కొత్తవాళ్ళు చూసి ఈవిడకెంత పొగరో అనుకుంటారు. అనుకోనీ, వాళ్ళ నోరు వాళ్ళిష్టం.

జూన్ మొదట్లో ఒక పొద్దున ఆ తలే ఆవిణ్ణి మోసం చేసింది.

అవి వేట నిషేధం రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఏటా రెండు నెలలు బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. పచ్చి చేప లేకపోతే ఎండు చేప అనుకుని చిన్నతల్లి బేసిన్నిండా ఎండు నెత్తళ్ళు పోసుకుని కుసుమకుమారి ఇంటికి వెళ్ళింది. వరీ పెసరా పండించే ఇల్లది, పాతికేళ్ళ వాడిక. కుసుమకుమారి అరుగు మీద నిలబడి, "ఈసారైనా ఇసక లేకుండా తెచ్చేవా సిన్నతల్లీ?" అంది. చిన్నతల్లి బేసిను దింపి నడుముకి ఆనించుకుని, గట్టి జవాబు చెబుదామని తల పైకెత్తింది. అంతే. అరుగూ, అరుగు మీద కుసుమకుమారీ, ఇంటి మీద డిష్షూ అన్నీ కలిసి గిర్రున తిరిగేశాయి. వాకిట్లో పెసలు ఎండబోశారు. ఆ పెసల్లో చిన్నతల్లి పడింది, చిన్నతల్లి మీద నెత్తళ్ళు పడ్డాయి.

తర్వాత వారం రోజులపాటు ఆ ఇంట్లో పెసరట్టు నీచు వాసన వేసిందట. అది వాళ్ళ గొడవ. చిన్నతల్లి మాత్రం కళ్ళు మూసుకుని, ఆటోలో సందు సందుకీ వాంతి చేసుకుంటూ ఇంటికొచ్చింది. బేసిను అక్కడే ఉండిపోయింది.

ఇక చూస్కోండి, పేటంతా డాక్టర్లే. ఒకరు ఎండదెబ్బ అన్నారు. ఒకరు గాలి సోకిందన్నారు. పక్కింటామె నిమ్మకాయ దిగదుడిచి నాలుగు దార్ల కూడల్లో పడేసి వచ్చింది. సూదులేసే జగన్నాధం నీరసమని గ్లూకోసు ఎక్కించి వెళ్ళాడు. వీటిలో ఏదీ ఆవిడ ఇంటిని నిలబెట్టలేకపోయింది. మంచం మీద వెల్లకిలా కదలకుండా ఉన్నంతసేపూ బాగానే ఉండేది. పక్కకి ఒత్తిగిలినా, పొద్దున లేచి కూర్చున్నా ఇంటికప్పు తిరగడం మొదలుపెట్టేది. కాసేపు తిరిగి దానంతటదే ఆగిపోయేది. ఎవరైనా చూడ్డానికి వచ్చేసరికి ఆవిడ శుభ్రంగా కూర్చుని ఉండేది.

"ఇంతసేపూ బాగానే ఉన్నావు గదే. నాను గుమ్మంలోకి రాగానే తిరుగుతాదేటి?" అన్నాడు మొగుడు లక్ష్ముడు, తనని చూసి లేవబోయి ఆవిడ మంచం పట్టుకుంటే.

చిన్నతల్లికి ఒళ్ళు మండిపోయింది. "నిన్ను సూస్తే తిరుగుతాది మావా. పెళ్ళయిన కాణ్ణుంచి తిరుగుతన్నాది" అంది.

లక్ష్ముడికి యాభై ఏడేళ్ళు. నలభై ఏళ్ళుగా సముద్రం మీద ఉన్నవాడు. నీళ్ళ మీద అతని లెక్క తప్పదని రేవులో అందరూ ఒప్పుకుంటారు. దానివల్ల వచ్చిన చిక్కేమిటంటే, నేల మీద కూడా తప్పదని అతననుకుంటాడు. నాలుగో రోజున ఆ లెక్క ప్రకారమే తీర్పు చెప్పేశాడు.

"పద్నాలుగో తారీకుతో నిషేదం అయిపోతాది. పదేనున బోట్లు దిగుతాయి. అప్పటికి నీ తల నిలబడిందా, సరే. లేదంటే సేపలన్నీ గిరిబాబు వేన్‌కి ఎత్తేస్తాను. నువ్వింక రోడ్డెక్కద్దు. మళ్ళీ ఏ లారీ ముందో పడితే నాను సూడలేను."

ఆఖరి మాట ప్రేమతోనే అన్నాడు. అది ఆవిడకీ తెలుసు. కానీ రోడ్డెక్కద్దు అన్న మాట దగ్గరే ఆవిడ ప్రాణం ఉసూరుమంది. ఇంట్లో ఉంటే ఆవిడ లక్ష్ముడి పెళ్ళాం. రోడ్డెక్కితే చిన్నతల్లి. ఏ ఇంట్లో బాలింతరాలుందో, ఏ ఇంట్లో ముసలాయనకి ముల్లు లేని చేప కావాలో, ఎవరు ఎవరితో మాట్లాడ్డం మానేశారో పదకొండు ఊళ్ళ సంగతులు ఆవిడ బేసిన్తో పాటు తిరుగుతాయి. "సిన్నతల్లి వచ్చింది" అని వీధి చివర ఒకరు కేక వేస్తే, ఇంకో చివర గిన్నెలు బయటికొస్తాయి. రేవులో చేపలు కొని వేన్లో ఊళ్ళకి తిప్పే గిరిబాబు హారన్ కొడితే ఎవరొస్తారు? ఆవిడ గోడవైపు తిరిగి ఏడుద్దామనుకుంది. గోడవైపు తిరిగితే ఇల్లు తిరుగుతుందని వెల్లకిలానే ఏడ్చింది.

చివరికి దారి చూపించింది కుసుమకుమారే. మనిషితో కబురంపింది. తన తమ్ముడికీ అచ్చం ఇలాగే వస్తే, టెక్కలిలో ఒకమ్మాయి తల అటూ ఇటూ తిప్పి పంపించేసిందట, మందుబిళ్ళ కూడా ఇవ్వలేదట. మందివ్వని వైద్యమేమిటని లక్ష్ముడు నవ్వాడు. నవ్వుతూనే తీసుకెళ్ళాడు.

టెక్కలిలో మేడమీద చిన్న గది. ఫిజియోథెరపీ చేసే ఆ అమ్మాయి పేరు అరుణశ్రీ. ముప్ఫై ఏళ్ళుండవు. ఈ పిల్లా నా తల బాగుచేసేది అనుకుంది చిన్నతల్లి.

"తల తిరుగుతోందా అమ్మా, ఇల్లు తిరుగుతోందా?" అడిగింది అరుణశ్రీ.

ఇన్నాళ్ళలో ఎవరూ అడగని ప్రశ్న. చిన్నతల్లి ఆలోచించి చెప్పింది. "తలెందుకు తిరుగుతాదమ్మా. తల నాకాడే ఉన్నాది. ఇల్లే తిరుగుతాది."

"ఎంతసేపు?"

"నాలుగు కెరటాలొచ్చి ఎల్లినంతసేపు."

అరుణశ్రీ నవ్వలేదు. అర నిమిషం అని రాసుకుంది. బీపీ చూసింది. చేతులు చాపమంది, వేలు చూపించి చూపు కదపమంది, నడవమంది. మెడ మీద వేళ్ళు పెట్టి నొప్పి ఉందా అని అడిగింది.

"ముప్ఫై రెండేళ్ళు బేసిను మోసిన మెడమ్మా. నీకు కావాలంటే నిన్నూ మోస్తాది."

బల్ల ఉత్తర దక్షిణాలుగా వేసి ఉంది. ఒక పక్క గోడ, ఇంకో పక్క కిటికీ. చిన్నతల్లిని బల్ల మీద కాళ్ళు చాపుకుని కూర్చోమంది అరుణశ్రీ. వెనక్కి వాలిస్తే తల ఉత్తరానికి వస్తుందని లక్ష్ముడు కనిపెట్టేశాడు.

"అమ్మా, ఉత్తరానికి తల పెట్టిస్తన్నారు. మంచిది కాదు గదా."

"ఇది నిద్రకి కాదు బాబాయ్. అర నిమిషమే."

"అర నిమిషమైనా ఉత్తరం ఉత్తరమే" అని గొణుక్కున్నాడు గాని, ఊరుకున్నాడు.

అరుణశ్రీ చిన్నతల్లి తలని రెండు చేతుల్తో పట్టుకుంది. "తిప్పమ్మా" అంటే చిన్నతల్లి నడుంతో సహా తిరిగింది. "నువ్వు కాదు, తల ఒక్కటే" అంటే మళ్ళీ అలాగే తిరిగింది. మూడోసారికి అలవాటు లేని మెడ కాస్త ఒప్పుకుంది. ముందు గోడవైపు తిప్పి గబుక్కున వాల్చింది. ఏమీ కాలేదు. లేపి కూర్చోబెట్టి, ఈసారి కిటికీవైపు తిప్పి వాల్చింది. తల బల్ల అంచు దాటి కొంచెం కిందికి వేలాడింది. ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత కిటికీ, ఫ్యాను, ఆ పిల్ల మొహం అన్నీ గిరగిరా తిరిగాయి. చిన్నతల్లి బల్ల అంచు పట్టుకుని అమ్మోయ్ అంది.

"కళ్ళు మూయకమ్మా. బాబాయ్, మీరిలా వచ్చి ఈవిడ కళ్ళలోకి చూడండి."

లక్ష్ముడు వంగి చూశాడు. పెళ్ళాం నల్లగుడ్లు ఒక పక్కకి జారుతున్నాయి, టక్కున వెనక్కి వస్తున్నాయి, మళ్ళీ జారుతున్నాయి. ఆవిడ తిప్పడం లేదు. వాటంతటవే తిరుగుతున్నాయి. కళ్ళు తిరిగాయి, కళ్ళు తిరిగాయి అని పుట్టిన దగ్గర్నుంచి అందరూ అంటుంటే వినడమే గాని, కళ్ళు నిజంగా తిరుగుతాయని అతనికి ఆ రోజు దాకా తెలియదు. బల్ల అంచు పట్టుకున్న ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆవిడకి ఏమీ కనిపించడం లేదు గాని, ఆ గరుకు చెయ్యి ఎవరిదో తెలిసింది.

"ఈ చెవే" అని అరుణశ్రీ కిందికున్న చెవి మీద తట్టింది. లోపల మన ఒంట్లోనే పుట్టిన సున్నపు రవ్వల్లాంటివి ఉంటాయని, అవి తమ చోటు వదిలి పక్కనున్న సన్నటి గొట్టంలోకి జారిపోయాయని, తల కదిలినప్పుడల్లా అవి దొర్లి ఇల్లు తిరుగుతున్నట్టు చేస్తున్నాయని చెప్పింది. "మందు వాటిని బయటికి తేలేదు. తలని ఒక వరసలో తిప్పితే అవే జారి చోటికి చేరతాయి."

"వలలో ఇసక ఇరుక్కుంటే ఒక మూలకి దులిపినట్టు" అన్నాడు లక్ష్ముడు.

"అంతే బాబాయ్. ముందు కిటికీవైపు. ఇప్పుడు గోడవైపు." తల నెమ్మదిగా రెండో పక్కకి తిప్పి ఆపింది. "ఇప్పుడు ఆ భుజం మీదకి ఒత్తిగిలి, ముక్కు నేలవైపు." అక్కడా అర నిమిషం ఆపింది. "ఇంక లేచి కూర్చోమ్మా."

మళ్ళీ పరీక్షిస్తే తిరగడం సగానికి సగం తగ్గింది. కాస్త మిగిలిందని, ఇంటి దగ్గర రోజూ సాయంత్రం ఒకసారి ఇలాగే చేయమని, వారంలో తగ్గకపోతే రమ్మని, అన్నీ ఒక కాగితం మీద రాసిచ్చింది. లక్ష్ముడు కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు.

బస్సులో చిన్నతల్లి అడిగింది. "అన్నీ గేపకం ఉన్నాయా మావా? కాగితం ఓపాలి సూస్కో."

"కాగితం సూసి బోటు నడిపేనేటి నలభయ్యేళ్ళు?" అన్నాడు లక్ష్ముడు. "కిటికీ తూరుపుకి ఉన్నాది, అంటే సంద్రం పక్క. గోడ ఊరు పక్క. ముందు సంద్రం, తర్వాత ఊరు, తర్వాత నేల. అయిపోనాది."

ఇక్కడొక సంగతి చెప్పాలి. ఈ రేవులో కుడి ఎడమలకి పెద్ద మర్యాద లేదు. వల లాగేటప్పుడు జనం ఎదురెదురుగా నిలబడతారు. కుడి పక్క లాగరా అంటే ఎవరి కుడి? అందుకని సంద్రం పక్క, ఊరు పక్క అంటారు. సంద్రం అందరికీ ఒక పక్కే ఉంటుంది. ఇళ్ళలోనూ అదే మాట. ఉప్పు డబ్బా సంద్రం పక్క, పోపుల పెట్టె ఊరు పక్క.

ఆ సాయంత్రమే లక్ష్ముడు మంచాన్ని ఇంటి మధ్యకి లాగాడు. టెక్కలిలో ఉన్నట్టే ఉత్తర దక్షిణాలుగా వేశాడు. "అక్కడంటే ఆ పిల్లకి తెలవదు, మనకి తెలిసి ఉత్తరానికి తల పెట్టుకుంటామేటి?" అని, దక్షిణానికి తల వచ్చేటట్టు పెళ్ళాన్ని కూర్చోబెట్టాడు. చేతులు కడుక్కుని, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆవిడ తల పట్టుకున్నాడు. ముందు సంద్రం. కళ్ళలోకి వంగి చూశాడు, గుడ్లు నిశ్చలంగా ఉన్నాయి. నాలుగు కెరటాలు లెక్కపెట్టాడు. తర్వాత ఊరు. ఊరు పక్కకి తిప్పగానే ఇల్లు తిరిగింది.

"తిరుగుతన్నాది మావా."

"తిరగాల. లోపల సరుకు కదులుతున్నాది" అన్నాడు లక్ష్ముడు డాక్టరులా.

అలా ఆరు రోజులు. సాయంత్రం పూట ఒక్కటి మాత్రం బాగుండేది. ముప్ఫై నాలుగేళ్ళ కాపురంలో ఈ మనిషి తన తలని ఇంత పదిలంగా పట్టుకున్నది లేదు. పెళ్ళి మంటపంలో జీలకర్రా బెల్లం పెట్టినప్పుడు కూడా దడాల్న మొత్తాడు. ఇప్పుడు కోడిగుడ్డు పట్టుకున్నట్టు పట్టుకుంటున్నాడు. అందుకని ఆవిడ ఏమీ అనలేకపోయింది. పొద్దున లేవగానే మాత్రం ఇల్లు మళ్ళీ గిర్రుమనేది. టెక్కలిలో తగ్గిన సగం కూడా మళ్ళీ వచ్చి కూర్చుంది. ఆ పిల్ల చేతిలో ఏదో ఉంది, ఈయన చేతిలో లేదు అనుకుని దిగులుపడింది.

పదమూడో తారీకు పొద్దున గిరిబాబు వచ్చాడు. వేన్లో మంచు పెట్టెలు కడిగించుకుని మరీ వచ్చాడు. "ఎల్లుండి బోటు కాడికి వచ్చేస్తాను మావయ్యా" అని లక్ష్ముడితో అన్నాడు. చిన్నతల్లివైపు తిరిగి, "ఇన్నాళ్ళూ మోసేవు గదత్తా, ఇంక సుకంగా కూకో" అన్నాడు. చెడ్డవాడు కాడు పాపం. కానీ ఆ మాట చిన్నతల్లికి గుండెలో ముల్లులా దిగింది. లక్ష్ముడు కూడా ఆవిడ మొహం చూడకుండా తల ఊపాడు.

వాళ్ళిద్దరూ వలల దగ్గరికి వెళ్ళగానే ఆవిడ లేచింది. నా బేసిను నేను తెచ్చుకుంటాను, తర్వాత సంగతి తర్వాత అనుకుంది. తల కదపకుండా, కంచెలూ కొబ్బరిచెట్లూ పట్టుకుంటూ బయల్దేరింది. తల మీద ఏమీ లేకుండా ఆ రోడ్డు మీద నడవడం అదే మొదటిసారి. సముద్రం పక్కనే హోరుమంటూ కూడా వచ్చింది. ఎన్నిచోట్ల ఆగిందో లెక్క లేదు గాని, కుసుమకుమారి ఇంటికి చేరింది.

కుసుమకుమారి బేసిను తోమి, బోర్లించి పెట్టింది. మజ్జిగిచ్చి, "తగ్గిందా మరి?" అంది.

"ఎక్కడ తగ్గుతాదమ్మా. మా ఆయన రోజూ తిప్పుతానే ఉన్నాడు."

"ఏ చెవంట?"

"సంద్రం పక్క చెవి."

కుసుమకుమారి నవ్వింది. "మా ఊరికి సంద్రం కనపడదు తల్లీ. ఏ చెవో చెయ్యి పెట్టి చూపించు."

చిన్నతల్లి చెయ్యి కుడి చెవి మీదకి పోయింది. మైలు దూరం ఆ చెవిలోనే గదా సముద్రం హోరుమంటూ వచ్చింది. "ఇదే" అంది.

తిరుగు దారిలో బేసిను చంకలో పెట్టుకుంది. ఒడ్డు రోడ్డు ఎక్కి ఇంటిదారి పట్టేసరికి సముద్రం మళ్ళీ కలిసింది. నాలుగడుగులు వేసి ఆగిపోయింది. హోరు ఎడమ చెవిలో వినిపిస్తోంది.

ముప్ఫై రెండేళ్ళుగా అలాగే వినిపిస్తోంది. పోయేటప్పుడు కుడి చెవిలో, వచ్చేటప్పుడు ఎడమ చెవిలో. ఎప్పుడూ పట్టించుకోలేదు. సంద్రం ఎక్కడికీ పోలేదు, ఊరు ఎక్కడికీ పోలేదు. మనిషి ఇటు తిరిగింది గనక చెవి మారింది. బేసిను రోడ్డు పక్కన బోర్లించి దాని మీద కూర్చుంది. టెక్కలిలో తల ఉత్తరానికి ఉంది. ఇంట్లో దక్షిణానికి ఉంది. అక్కడ సంద్రం పక్కకి తిప్పగానే ఇల్లు తిరిగింది. ఇంట్లో సంద్రం పక్కకి తిప్పితే తిరగడం లేదు, ఊరు పక్కకి తిప్పితే తిరుగుతోంది. ఈ పెద్దమనిషి ఆరు రోజులుగా మంచి చెవికి వైద్యం చేస్తున్నాడు.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏడుపొచ్చింది. రెండూ కలిపి కాసేపు కానిచ్చి, లేచి ఇంటికి నడిచింది.

లక్ష్ముడు గుమ్మంలోనే ఉన్నాడు. మనిషి కనపడక ఇల్లిల్లూ అడిగి వచ్చినట్టున్నాడు, మొహం పాలిపోయి ఉంది. "ఎక్కడికెల్లిపోనావే సెప్పకుండా? ఏ గోతిలో పడిపోనావో అని..." అంటూ మిగతాది మింగేశాడు.

"కూకో మావా" అంది చిన్నతల్లి. "ఇటు సూడు. నువ్వు రేవులోంచి బయల్దేరి ఉత్తరానికి ఎల్తన్నావు. ఊరు నీకే సేతి పక్క?"

"ఎడమసెయ్యి."

"అదే బోటు తిప్పి వస్తన్నావు. ఇప్పుడో?"

"కుడిసెయ్యి. ఇదేటి, సిన్నపిల్లల..." అని ఆగిపోయాడు. మంచం వైపు చూశాడు. మంచం తలవైపు చూశాడు. నీళ్ళ మీద లెక్క తప్పనివాడు గదా, ఆవిడ ఇంకేమీ చెప్పాల్సిన పని లేకపోయింది. అతని మొహం చూస్తే జాలేసింది.

"ఆ పిల్లకి ఫోన్ సెయ్యి" అంది.

ఫోన్లో అరుణశ్రీ గొంతు గదంతా వినిపించింది. "ఎడమ చెవి బాబాయ్. కాగితం మీద పైనే రాశాను, పెద్దక్షరాల్తో. మీరు చూళ్ళేదా?"

లక్ష్ముడు దండెం మీద వేలాడుతున్న చొక్కా వైపు చూశాడు. అది ఉతికి నాలుగు రోజులైంది. జేబులో కాగితం ముద్దయిపోయి ఎండి, గవ్వలా బిగుసుకుపోయింది. "సూసేమమ్మా. ఓపాలి గట్టి సేసుకుందామని" అన్నాడు. చిన్నతల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"పరవాలేదు, నష్టమేమీ లేదు. ఇవాళ సరైన పక్క చేయండి. రేపు పొద్దున్న ఇంకోసారి. తగ్గాక కొన్నాళ్ళు సగం బరువే మొయ్యమనండి. ఇది మళ్ళీ ఎప్పుడైనా రావచ్చు. వస్తే భయపడకండి, మళ్ళీ ఇదే తిప్పుడు."

ఫోన్ పెట్టేశాక లక్ష్ముడు వెళ్ళి మంచం కోడు పట్టుకున్నాడు. "మంచం తిప్పేస్తాను. ఉత్తరమైతే ఉత్తరమే" అన్నాడు. అతను అంత మాట అనడం మామూలు విషయం కాదు.

"మంచం అక్కర్లేదు. నాను దచ్చనానికే పడుకుంటాను. నువ్వు పక్క మార్సు. ముందు ఊరు, తర్వాత సంద్రం."

తల పట్టుకున్నాడు. ముందు ఊరు పక్కకి తిప్పి వాల్చగానే ఇల్లు దబ్బున తిరిగింది, టెక్కలిలో తిరిగినట్టే. చిన్నతల్లి పళ్ళ బిగువున కళ్ళు తెరిచే ఉంచింది. పైన లక్ష్ముడి మొహం గిరగిరా తిరుగుతోంది. "తిరుగుతన్నాయే, నీ కళ్ళు తిరుగుతన్నాయి" అన్నాడతను, కొడుకు పుట్టాడని చెప్పినంత సంబరంగా. నాలుగు కెరటాలు. అయిదోదానికి ఇల్లు నెమ్మదించి నిలబడింది. తర్వాత సంద్రం. కాస్త ఊగి ఆగింది. తర్వాత ముక్కు నేలకి. లేచి కూర్చున్నాక వీపు మీద అతని చెయ్యి అలాగే ఉంది.

పద్నాలుగో తారీకు పొద్దున చిన్నతల్లి కళ్ళు తెరిచి, ఊపిరి బిగబట్టి, ఎడమవైపు ఒత్తిగిలింది. కప్పు కొంచెం కదిలింది. కదిలి ఊరుకుంది. లక్ష్ముడు మళ్ళీ తిప్పాడు. పదిహేనో తారీకు తెల్లారగట్ల ఒత్తిగిలింది. ఏమీ లేదు. రెండో పక్కకి ఒత్తిగిలింది. లేచి కూర్చుంది. తల పైకెత్తి కప్పు వంక, కప్పులో పొగచూరిన వాసం వంక, వాసానికున్న పాత క్యాలెండరు మేకు వంక చూసింది. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ మేకుని ఆవిడ ఎంతసేపు చూసిందో చెప్పలేం.

లక్ష్ముడు అప్పటికే సముద్రంలోకి వెళ్ళిపోయాడు. పది గంటలకి బోట్లు తిరిగొచ్చాయి. రెండు నెలల తర్వాత మొదటి వేట, రేవంతా తిరునాళ్ళలా ఉంది. గిరిబాబు వేన్ వెనక తలుపులు తెరిచి సిద్ధంగా ఉన్నాడు. జనంలోంచి చిన్నతల్లి వచ్చింది. చంకలో బేసిను, చేతిలో చుట్టకుదురు. తిన్నగా మొగుడి ముందుకొచ్చి నిలబడి, తల పైకెత్తి అతని మొహంలోకి చూసింది. ఎత్తిన తల ఎత్తినట్టే ఉంచింది.

లక్ష్ముడు ఆవిడ కళ్ళలోకి చూశాడు. ఎనిమిది రోజులు చూసిన కళ్ళే. కదలడం లేదు.

"గిరీ, నువ్వు కూసింత ఆగు" అని, వంగి బేసిను తనే నింపాడు. అడుగున మంచు, దాని మీద కానాగంతలు, అన్నిటి పైన పెద్ద చందువ ఒకటి. సగం నిండగానే ఆపేశాడు. "ఆ పిల్ల సగమే అన్నాది" అన్నాడు. మిగిలినవి వేన్లోకి పోయాయి. అలాగేనంది చిన్నతల్లి.

ఆవిడ చుట్టకుదురు పెట్టుకుని మోకాళ్ళు కొంచెం వంచింది. లక్ష్ముడు బేసిను ఎత్తి తల మీద పెట్టాడు. బరువు మెడలోకి, వెన్నులోకి దిగి తన చోటు చూసుకుని కూర్చుంది. ఆవిడ నడక మొదలుపెట్టింది. పది అడుగులు పోయాక కూడా బేసిను అంచు మీద ఇంకొకరి చెయ్యి ఉన్నట్టు తెలిసింది. లక్ష్ముడు చెయ్యి ఎత్తి పట్టుకుని ఇసకలో పక్కనే నడిచి వస్తున్నాడు. రేవులో జనం చూస్తున్నారని కూడా లేదు.

"సెయ్యి తియ్యి మావా" అంది చిన్నతల్లి, తల తిప్పకుండా.

తియ్యలేదు. రోడ్డు దాకా వచ్చాడు.

"సెయ్యి తియ్యి. సంద్రం కుడి పక్కే ఉన్నాది. నాకు దారి తెలుసు."

లక్ష్ముడు చెయ్యి తీశాడు. బేసిను అలాగే ఉంది. చిన్నతల్లి రెండు చేతులూ ఊపుకుంటూ ఉత్తరంగా నడిచి వెళ్ళింది.